మేనమామ లాడ్జిలో జీతం లేని ఉద్యోగం

తిరుపతి నుంచి మీరు రాసిన ఉత్తరం చదివాను. ఇంటర్ కాగానే మేనమామ లాడ్జిలో చేరారు, ఆరేళ్లయింది. కౌంటరు, గదుల తాళాలు, దుప్పట్ల లెక్క, రాత్రి నీళ్ల మోటారు అన్నీ మీ నెత్తినే. బ్రహ్మోత్సవాలప్పుడు మీ గదిని కూడా అద్దెకిచ్చి మిమ్మల్ని మెట్ల కింద పడుకోమంటారు. జీతం ఊసెత్తితే ‘ఇంటి పిల్లవాడివి, నీకు జీతమేమిటి’ అంటారు. మొన్న అడ్వాన్సు డబ్బులో రూ.500 తగ్గితే యాత్రికుల ముందే అత్తయ్య మీ జేబులు వెతికించారు. ఆవిడ మనసు మారాలంటే ఏం చేయాలని మీ ప్రశ్న.

ఏమీ చేయనక్కర్లేదు. ఆవిడ మనసు మారినా మీకు జీతం రాదు.

ఉత్తరం చివర ముక్తసరిగా రెండు వాక్యాలు రాశారు. చెల్లి పెళ్లి మామయ్యే చేశాడు కాబట్టి ఓర్చుకోమని అమ్మ అంటోందట. రేపు మరదలితో పెళ్లయితే లాడ్జి మీదేనట. అసలు సంగతి ఇక్కడుంది. అన్న చేసిన సాయానికి అమ్మ మిమ్మల్ని తాకట్టు పెట్టింది. భర్త పోయిన మనిషికి పుట్టింటి అండ చిన్నది కాదు, ఆవిడ భయం నాకు తెలుసు. కానీ కొడుకు జేబులు వెతికారని విన్నాక కూడా ఓర్చుకోమనడం నేను ఒప్పుకోను. ఇంతకీ ఆ మరదలి ఇష్టం ఎవరైనా అడిగారా? మీరైనా?

ముందు అమ్మతో కూర్చోండి. పెళ్లికి మామయ్య ఇచ్చింది ఎంతో చెప్పమనండి. అది అప్పయితే జీతంలో నెలనెలా పట్టుకోమని ఆయనకు మీరే చెప్పండి. సాయమైతే దానికి వెట్టి బదులు కాదు. ఆ తర్వాత అత్తయ్య కూడా ఉండగానే జీతం తేల్చుకుని, బ్యాంకు ఖాతాలో వేయమనండి. దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం పని వారానికి 48 గంటలు, ఒక రోజు సెలవు. పదిమంది పనిచేసే చోట అయిదేళ్లు నిండితే, మానేటప్పుడు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ రావాలి. జీతమే కాగితం మీద లేకపోతే ఆ లెక్క దేనిమీద కడతారు? మీ చేతిరాత ఉన్న రిజిస్టరు పేజీలను ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.

కుదరదంటే బయటికి రండి. మీ ఊళ్లో లాడ్జీలకు కరవా? శనివారం రద్దీని ఒంటిచేత్తో నడిపిన మనిషిని ఎవరూ వద్దనరు. చేరే ముందు జీతమెంతో అడగండి. అక్కడా మొహమాటపడేరు!