స్వారీ బాటలో కంప కొట్టడం ఎలా?

ప్రశ్న: జమ్మలమడుగు దగ్గర మా పొలాల వెంబడి గుర్రపు స్వారీకి బాట చేసుకున్నాము. వానలు పడగానే సర్కారు తుమ్మ కమ్మేస్తోంది. ప్రమాదం లేకుండా దానిని ఎలా తొలగించాలి?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: కాలిబాటకు సరిపోయే ఎత్తు స్వారీకి చాలదు. జీను మీద కూర్చున్న వారి తల నేలకు ఎనిమిది అడుగుల పైన ఉంటుంది కనుక, కొమ్మలను కనీసం 10 అడుగుల ఎత్తు వరకు, ఇరువైపులా మోకాళ్లు గీసుకోకుండా మొత్తం 6 నుంచి 8 అడుగుల వెడల్పున తీసివేయాలి. కొమ్మను కాండం దాకా కోయండి. సగంలో విరిచి వదిలిన మోడు గుర్రం డొక్కలో ఈటెలా దిగుతుంది. సర్కారు తుమ్మను నేలమట్టానికి నరికితే మళ్లీ గుబురుగా చిగురిస్తుంది, పైగా ఆ మొద్దుకు గిట్ట తట్టుకుంటుంది. అందువల్ల వానకు నేల మెత్తబడ్డాక గడ్డపారతో వేరు మొదలును పెకలించి, గుంత పూడ్చి గట్టిగా తొక్కించాలి.

కొట్టిన కంపను బాట పక్కనే కుప్ప వేయడం మన వైపు అలవాటే గాని, అది మంచిది కాదు. గిట్ట అడుగున మెత్తని భాగంలో ఒక్క ముల్లు దిగినా, చీము పట్టి గుర్రం కుంటుతుంది. కంపను దూరంగా తరలించి, రాలిన ముళ్లను, పాత కంచె తీగ ముక్కలను వంగి ఏరవలసిందే.

పని చేసేవారికి తోలు చేతొడుగులు, కళ్లద్దాలు, మందపాటి బూట్లు తప్పనిసరి. ఏటవాలులో వాన నీరు బాట వెంట పారకుండా అక్కడక్కడ ఏటవాలుగా పక్కకు మళ్లించండి. బాట రిజర్వు అడవిలోకి వెళితే మాత్రం, అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క కొమ్మ కూడా ముట్టుకోకండి.