తిమ్మిరి అంటే ఏమిటో అడుగు

అమ్మాయీ,

మొన్న ఫోన్లో నువ్వు "సార్, ఓపీకి వచ్చిన ప్రతివాళ్ళూ తిమ్మిర్లే అంటున్నారు, కేస్ షీట్లో ఏం రాయాలో తెలియడం లేదు" అంటే నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అది నవ్వాల్సిన ప్రశ్న కాదనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

మనవాళ్ళ నోట్లో తిమ్మిరికి నాలుగైదు అర్థాలున్నాయి. చీమలు పాకినట్టున్నా తిమ్మిరే, గిల్లినా తెలియకపోయినా తిమ్మిరే, చెయ్యి పైకి లేవకపోయినా తిమ్మిరే, ఊరికే కాలు బరువుగా ఉన్నా తిమ్మిరే. ఆ మాట వినగానే నువ్వు పారస్థీసియా (చీమలు పాకినట్టుండడం) అని ఇంగ్లీషులో రాసేశావనుకో, పక్షవాతంతో వచ్చిన మనిషి నీ కాగితం మీద విటమిన్ లోపం పేషెంట్ అయి కూర్చుంటాడు. కళ్ళు తిరుగుతున్నాయన్నా అంతే. గది గిర్రున తిరిగిందా, కళ్ళ ముందు చీకట్లు కమ్మాయా, తల బాగానే ఉండి కాళ్ళు తూలుతున్నాయా? మూడూ మూడు దారులు. మంచం మీద పక్కకి ఒత్తిగిలినప్పుడు మాత్రమే అరనిమిషం గిర్రున తిరిగి ఆగిపోతోందంటే చాలావరకు అది లోపలి చెవి గొడవే. డిక్స్-హాల్‌పైక్ (తలని పక్కకి తిప్పి వెనక్కి పడుకోబెట్టే పరీక్ష) చేసి చూసుకుని, ఎప్లీ (తలని వరసగా తిప్పి ఆ చెవి గొడవ సరిచేసే పద్ధతి) చేసి ఇంటికి పంపించు. దానికి స్కాన్ ఎందుకు?

కాబట్టి వాళ్ళ మాటని వెంటనే ఇంగ్లీషులో పెట్టెయ్యకు. ఏ పని చెయ్యలేకపోతున్నావని అడుగు. కాల్లోంచి చెప్పు జారిపోతోందంటారు చూడు, అక్కడ ఆగి, జారినట్టు నీకే తెలుస్తోందా, వెనకాల వచ్చేవాళ్ళు చెబితే తెలుస్తోందా అని అడగాలి. తెలిసి జారితే పాదంలో పట్టు తగ్గింది. తెలియకుండా జారితే స్పర్శ పోయింది. గొంతుక్కూర్చుని లేవలేకపోతే తుంటి, తొడ కండరాలు. అన్నం కలిపి ముద్ద చెయ్యలేకపోతే, గుండీలు పెట్టుకోలేకపోతే వేళ్ళు. జడ వేసుకోవడానికి చేతులు ఎత్తలేకపోతే భుజాలు. పొద్దున్నే మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే వాష్ బేసిన్ మీదకి తూలిపోతున్నానని ఒకాయన చెప్పాడనుకో, రాంబర్గ్ టెస్ట్ (కళ్ళు మూసుకుని నిలబడమని, తూలుతాడేమో చూడడం) ఆయన ఇంట్లోనే చేసుకుని నీకు రిజల్ట్ తెచ్చిచ్చినట్టే. ఆయన శాకాహారో, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మింగుతున్న షుగర్ పేషెంటో అయితే బీ12 నీకు వెంటనే గుర్తుకు రావాలి.

ఎక్కడ దెబ్బతిందో ముందు తేల్చుకో, ఏం జబ్బో తర్వాత. ఆ రెండో ప్రశ్నకి సగం జవాబు కాలమే చెబుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి పడిపోయిందంటే రక్తనాళం. నాలుగు రోజుల్లో పాదాల నుంచి పైకి పాకుతూ వచ్చి రిఫ్లెక్సులు (సుత్తితో తడితే వచ్చే కదలికలు) పోయాయంటే గులియన్-బారీ (ఒంటి రోగనిరోధక శక్తే నరాల మీద తిరగబడే జబ్బు), అది ఊపిరి కండరాలకీ పాకొచ్చు, అప్పుడు ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలడో పూటపూటకీ చూసుకోవాలి, ఇరవైకి చేరలేకపోతున్నాడంటే ఐసీయూకి చెప్పు. నెలల మీద పెరుగుతూ వస్తే కణితో, నరాన్నో వెన్నుపామునో ఏదో నొక్కడమో. ఏళ్ళ మీదైతే నరాలు మెల్లగా అరిగిపోయే జబ్బులు.

ఇదంతా తెలిసే నేనొక తప్పు చేశాను, చెబుతాను విను. ప్రాక్టీస్‌లో కొత్త. నల్గొండ వైపు నుంచి ఒక రైతు వచ్చి "నడుం పట్టేసింది సారూ, కాళ్ళు బిగుసుకుపోతున్నాయి, గట్టు మీద నడుస్తుంటే పడిపోతున్నా" అన్నాడు. నాకు నడుం ఒక్కటే వినపడింది. బయట క్యూ ఉంది, ఆయన కాళ్ళకి మోకాళ్ళ దాకా మట్టి, మంచం ఎక్కించి చూడలేదు. నడుముకి ఎమ్మారై రాశాను, డిస్క్ బల్జ్ అని వచ్చింది (ఆ వయసులో ఎవరికి తీసినా వస్తుంది), బెల్టు, మాత్రలు ఇచ్చి పంపేశాను. రెండు నెలలకి మూత్రం బిగిసిపోయి మంచం మీద తెచ్చారు. అప్పుడు మోకాలి మీద సుత్తితో తడితే కాలు ఎగిరి పడింది. తాళంచెవి మొనతో అరికాలు గీస్తే బొటనవేలు నెమ్మదిగా పైకి లేచింది. వెన్నుపామో మెదడో దెబ్బతింటేనే అలా లేస్తుంది. వెన్నుపాము మొదటి, రెండో నడుం పూసల దగ్గరే ఆగిపోతుందనీ, దాని కింద ఉన్న డిస్కు ఆ వేలిని పైకి లేపలేదనీ ఎంబీబీఎస్ పిల్లాడికి కూడా తెలుసు. మెడకి తీయిస్తే, ఫ్లోరైడ్ నీళ్ళు తాగీ తాగీ ఎముకలూ లిగమెంట్లూ గట్టిపడి అక్కడ వెన్నుపాముని నొక్కేస్తున్నాయి. ఈ జబ్బు గురించి 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పేషెంట్లను చూసి రాసి ఉంది, నల్గొండ పేరు వినగానే తట్టాల్సింది. ఆపరేషన్ అయింది కానీ తర్వాత ఆయన కర్ర లేకుండా నడవలేదు. చెప్పులు విప్పించి అరికాలు గియ్యడానికి ఒక నిమిషం పట్టేది.

పక్షవాతం కేసు వచ్చినప్పుడు ఎప్పుడు పడిపోయారని అడిగితే "పొద్దున లేచేసరికి" అంటారు. అది లెక్కలోకి రాదు. చివరిసారి బాగా ఉండగా ఎవరు చూశారు, ఎన్నింటికి? రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటల లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుంది. ముందు వేలు గుచ్చి షుగర్ చూడు, పడిపోయిన షుగర్ అచ్చం పక్షవాతంలా నటిస్తుంది. మూతి వంకర పోయినవాళ్ళని నుదురు ముడత వెయ్యమను. వెయ్యగలిగితే మెదడు వైపు అనుమానించు, ఆ పక్క నుదురు నున్నగా ఉండిపోయి కన్ను మూతపడకపోతే మొహం నరం. వచ్చేలోపు పసరు పోయించారని ఇంటివాళ్ళ మీద అరవకు, అరిస్తే మిగతావి దాచిపెడతారు.

వానాకాలంలో తెల్లవారుజామున ఒక పిల్లాణ్ణి తెస్తారు. రాత్రి కింద చాప మీద పడుకున్నాడు, కడుపునొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు, ఇప్పుడు కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఒంటి మీద గాటు ఉండదు. ఎంత వెతికినా కనపడకపోవచ్చు, కట్లపాము కోరలు అంత సన్నం. తర్వాత కళ్ళు తెరవడు, చెయ్యి కదపడు, కంటిపాప టార్చికి కూడా పలకకపోవచ్చు, అయినా లోపల అన్నీ వింటూ ఉంటాడు. వెంటిలేటర్ మీద పెట్టి ఓపిక పడితే లేచి నడిచి వెళ్ళిన పిల్లల్ని చూశాను. వాడి మంచం పక్కన నిలబడి "లాభం లేదు" అనే మాట ఎవర్నీ అననివ్వకు.

వణుకూ, నడక నెమ్మదించడమూ కనిపించగానే పార్కిన్సన్ అని రాసెయ్యకు. వాడే మందులన్నీ, ఖాళీ అట్టలతో సహా, సంచీలో వేసి తెమ్మను. గ్యాస్ మాత్రలో కలిపి ఇచ్చే లెవోసల్పిరైడ్, తల తిరుగుడుకి ఏళ్ళ తరబడి మింగుతున్న సిన్నరిజిన్, ఇవి మనిషిని అచ్చం అలాగే చేస్తాయి. అవి ఆపేస్తే చాలామంది కొన్ని నెలల్లో తేరుకుంటారు. ముందు అట్టలు చూడకుండా కొత్త మందు రాయడం నాకు ఒళ్ళు మండే విషయం.

బాలింతకి ఆగని తలనొప్పి వస్తే పైత్యం అని వదిలెయ్యకు. నీళ్ళు తగ్గించి తాగించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, దానివల్ల మెదడులో సిరలు గడ్డకట్టి ఉండొచ్చు, కంటి వెనక నరం వాచిందేమో ఆఫ్తాల్మోస్కోప్ పెట్టి చూడు. ఫిట్స్ అని వస్తే చూసినవాళ్ళకి ఫోన్ చేసి అడుగు, వీడియో ఉంటే ఇంకా మంచిది. తల మీద వేడినీళ్ళు పోసుకున్నప్పుడే వస్తోందా అని కూడా అడుగు, మన దక్షిణాదిలో, కర్ణాటకలో మరీ, అదొక రకం ఉంది. చెయ్యి మొద్దుబారిందంటే కుష్టు కావచ్చు, మోచేతి వెనక నరాన్ని వేళ్ళతో తడిమి చూడు. 2005లో కుష్టు ఇక ప్రజారోగ్య సమస్య కాదని ప్రకటించాక మన డాక్టర్లు ఆ నరం ముట్టుకోవడమే మానేశారు, తాడులా లావెక్కి దొరుకుతుంది ఇప్పటికీ.

ఇంకోటి. ఈ వారం ఓపీలో తిమ్మిరి అన్న మొదటి పదిమంది ఏం చెప్పారో వాళ్ళ మాటల్లోనే, ఇంగ్లీషు ముక్క లేకుండా, రాసి పంపు. స్కాన్ రిపోర్టులు పంపకు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాను, ఒక్కొక్కరిదీ ఎక్కడ దెబ్బతిందో నువ్వే చెబుదువుగాని.