లాగిన్ బొత్తం పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ అప్లికేషన్‌లో గూగుల్, ఆపిల్ ఖాతాలతో లాగిన్ పెడుతున్నావని మీ నాన్న గర్వంగా చెప్పాడు. నాకూ సంతోషమే. కానీ పాస్‌వర్డులు దాచే భారం తగ్గినా, వచ్చిన మనిషి మన ఖాతాల్లో ఎవరో తేల్చే బాధ్యత నీదే. నా దిగులంతా అక్కడే.

తెలిసిన సంగతులే అయినా చెబుతున్నాను. ఒక్కసారికే చెల్లే కోడ్ చూపి టోకెన్ అనే డిజిటల్ చీటీ తెచ్చుకునే ఆథరైజేషన్ కోడ్ పద్ధతిని, ఆ కోడ్ దొంగిలించినవాడికి పనికిరాకుండా చేసే పీకేసీఈతో కలిపి వాడు. లాగిన్ అయ్యాక మనిషిని తిరిగి పంపే రీడైరెక్ట్ చిరునామా, ముందు నమోదు చేసినదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోలాలి. నీ అప్లికేషన్ తానెవరో రుజువు చేసుకునే రహస్యం, అంటే క్లయింట్ సీక్రెట్, కోడ్ దాచే గిట్‌లోకి ఎక్కకూడదు. ఈ లాగిన్ మన దగ్గరే మొదలైందని చూపే స్టేట్ విలువను ప్రతిసారీ కొత్తగా పుట్టించి, అదే బ్రౌజర్ సెషన్‌తో సరిచూడు. 2012 నాటి ఓఆథ్ 2.0 ప్రమాణం, ఒకరి సమాచారాన్ని వేరే అప్లికేషన్ వాడుకునే అనుమతుల కోసం పుట్టింది. లాగిన్‌కు కావలసిన, మనిషి ఎవరో చెప్పే ఐడీ టోకెన్ 2014లో దానిపై కట్టిన ఓపెన్‌ఐడీ కనెక్ట్‌తో వచ్చింది, కాబట్టి అనుమతిని మాత్రమే చూపే యాక్సెస్ టోకెన్ చూసి మనిషిని గుర్తించాననుకోకు.

ఇక అసలు విషయం. నేను వెనుక పనిచేసిన ఒకచోట, ఈమెయిల్ కలిస్తే ఖాతాలు కలిపేయడమే పద్ధతిగా ఉండేది. ఎవడో, మా దగ్గర ఇంకా చేరని ఒకామె ఈమెయిల్‌తో ముందుగానే నమోదై, పాస్‌వర్డ్ పెట్టుకుని కూర్చున్నాడు. ధ్రువీకరణ మెయిల్‌కు జవాబు రాకపోయినా ఆ ఖాతా చెల్లుబాటులోనే ఉండిపోయింది. తరువాత ఆమె గూగుల్‌తో లాగిన్ కాగానే మా ప్రోగ్రామ్ ఆమెను నేరుగా వాడి ఖాతాలోనే కూర్చోబెట్టింది. ఆమె రాసుకున్నదంతా వాడు చదువుతూ వచ్చాడు. తన చిరునామా దానంతటదే మారిపోయిందని ఆమె ఫిర్యాదు చేస్తే, మా సహాయక విభాగం వారు పాస్‌వర్డ్ మార్చుకోమన్నారు. ‘నేనసలు పాస్‌వర్డే పెట్టలేదండీ’ అని ఆమె జవాబు రాసిన తరువాత గానీ ఎవరూ లాగ్‌లు తెరిచి చూడలేదు.

అందుకని టోకెన్ ఎవరిచ్చారో చెప్పే ఇస్యూయర్, వారి దగ్గర ఆ మనిషికి ఉన్న గుర్తు సబ్ అనే రెండు విలువల జతనే గుర్తింపుగా వేరే పట్టికలో పెట్టు. ఈమెయిల్ కేవలం ఉత్తరాలు పంపడానికే; ఒకరు ఉద్యోగం మానేస్తే ఆ చిరునామా రేపు మరొకరికి దక్కవచ్చు, పైగా ఆపిల్ కొన్నిసార్లు అసలు చిరునామాకు బదులు మారు చిరునామా ఇస్తుంది. పాత ఖాతాతో ఈమెయిల్ కలిసిందా, దాని యజమాని లాగిన్ అయి ఒప్పుకున్నాకే కలుపు. ఆ పాత ఖాతా ధ్రువీకరణ జరగనిదైతే, దాని పాస్‌వర్డునూ సెషన్లనూ ముందు రద్దు చెయ్యి.

వారంలో ముగిస్తానన్నావట! ఆ తొందర నాకు నచ్చలేదు. టోకెన్ సంతకం సరిచూసే కోడ్ కూడా సొంతంగా రాస్తానన్న పంతం మానుకుని, నలుగురూ పరీక్షించిన లైబ్రరీ తీసుకో. ఇస్యూయర్, ఆడియన్స్ (టోకెన్ ఎవరి కోసమో), గడువు, నాన్స్ (ఒక్కసారికే వాడే విలువ) అది నిజంగా చూస్తోందో లేదో తప్పుడు టోకెన్లు పంపి తేల్చుకో. చిన్నప్పుడు గోడగడియారం విప్పి బిగించి, మిగిలిపోయిన మరను నా చేతిలో పెట్టి నవ్వినదానివి, నీకు ఓపిక లేదని ఎలా అనను?

ఖాతాను విడదీసే బొత్తం పెడితే, లోపలికి వచ్చే దారి అదొక్కటే అయినవారిని విడదీయనివ్వకు. గూగుల్, ఆపిల్ నుంచి తిరిగి వచ్చినవారిని అందుకునే కాల్‌బ్యాక్ కోడ్ పూర్తికాగానే, విడుదలకు ముందే నాకు పంపు, కూర్చుని చదువుతాను.

ఇట్లు,
నీ పెదనాన్న