కొత్త .223 రైఫిల్ మొదటి గ్రూప్ చిన్నగా, రెండోది పెద్దగా వచ్చింది. తిరిగిచ్చేయాలా?

మీరు అడిగింది ఇదీ కదా: హెవీ బ్యారెల్ (మందపాటి గొట్టం) ఉన్న .223 సైజు బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొత్తగా కొన్నారు, కంపెనీ కాగితం మీద మూడు షాట్లకి ఒక ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, 100 గజాల దగ్గర ఇంచుమించు ఒక అంగుళం) లోపు అని రాసుంది, 100 గజాల దగ్గర మొదటి మూడు 0.6 అంగుళంలో పడ్డాయి, కాసేపాగి కొడితే తర్వాతి మూడు 1.7కి పోయాయి. ఎండాకాలంలో సౌత్ డకోటాకి ప్రెయిరీ డాగ్స్ (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువులు) వేట కోసం వెళ్ళాలని ప్లాన్. ఈ లోపు రైఫిల్ మంచిదో కాదో తేలక టెన్షన్.

ఇప్పుడే ఇవ్వకండి. నేను డాలస్ దగ్గర ఉంటాను, అమరిల్లో వైపు ఒక పెద్దాయన పశువుల మేత భూమిలో ప్రెయిరీ డాగ్స్ కొట్టడానికి వెళ్తుంటాను, నాది .22-250 (ఇంకో తూటా సైజు), నాతో వచ్చేవాళ్ళలో ఎక్కువమందివి .223లే. కొత్త రైఫిల్ కొన్న ప్రతివాడూ మొదటి వారం ఇదే ప్రశ్న అడుగుతాడు.

గ్రూప్ అంటే ఒకే గురికి కొట్టిన షాట్లు కాగితం మీద ఎంత మేర చెదిరాయో అన్నది. ఆ రెండు గ్రూపులూ మీ రైఫిల్‌వే, రెండిట్లో దేన్నీ కొట్టిపారేయలేం. మూడు షాట్ల గ్రూప్ భలే మోసం చేస్తుంది. తూటాలు గురి చుట్టూ ఎంతో కొంత చెదిరి పడతాయి, మూడే కొట్టినప్పుడు ఒక్కోసారి మూడూ నడిమధ్యలో కూర్చుంటాయి, ఇంకోసారి ఒకటి అంచుకి పోతుంది, మధ్యలో రైఫిల్‌లో ఏ మార్పూ ఉండదు. షాట్లు పెంచేకొద్దీ గ్రూప్ పెరుగుతుందే గానీ తగ్గదు. సగటున మూడు షాట్లకి ఒక అంగుళం ఇచ్చే రైఫిల్ అయిదు షాట్లకి 1.25 పైన, పది షాట్లకి ఇంచుమించు 1.6 అంగుళం ఇస్తుంది, ఇది లెక్కల్లోంచి వచ్చేదే. అలాంటి రైఫిల్‌కి ఒక రోజు 0.6, అదే రోజు 1.7 రావడం వింతేం కాదు. నాది అర అంగుళం రైఫిల్ అని ఫోటో పెట్టేవాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, బాగా వచ్చిన కాగితం దాచుకుని మిగతావి చెత్తబుట్టలో వేశారంతే.

అందుకని ఒకే పెట్టెలోంచి తీసిన తూటాలతో కనీసం పది షాట్లు చూడండి, అయిదు చొప్పున రెండుసార్లుగా కొట్టినా సరే. నేను చేసే పని ఒకటి చెప్తాను. టార్గెట్ వెనకాల ఇంకో తెల్ల కాగితం కలిపి పిన్ను కొడతాను. అయిదు షాట్లయ్యాక ముందు కాగితం తీసి సరిగ్గా అదే చోట కొత్తది పెడతాను, వెనక కాగితం కదపను. సాయంత్రానికి ముందు కాగితాలు విడివిడి గ్రూపులు చూపిస్తాయి, వెనకది రైఫిల్ మొత్తం సంగతి చూపిస్తుంది, దాన్ని చూసే మాట్లాడాలి. కొలిచేటప్పుడు బాగా దూరంగా ఉన్న రెండు కన్నాల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి అందులోంచి 0.224 అంగుళం తీసేయండి, అది బులెట్ వ్యాసం. చాలామంది ఇది తీసేయకుండా గ్రూప్ పెద్దదైపోయిందని బాధపడతారు.

ఇక తూటా ఖర్చు పెట్టేముందు స్క్రూలు. మ్యాగజైన్ తీసి, బోల్ట్ బయటికి లాగి, చాంబర్ ఖాళీగా ఉందని వేలితో కూడా చూసుకుని మొదలుపెట్టండి. స్కోప్ రింగులు, వాటి కింద బేస్, స్టాక్‌ని (చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) యాక్షన్‌కి (బోల్ట్ ఆడే లోహపు భాగం) పట్టి ఉంచే స్క్రూలు, ఈ మూడు చోట్లా టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఇచ్చిన అంకె దగ్గరికి బిగించాలి. చేతి అంచనా వద్దు. షాపులో స్కోప్ ఉచితంగా బిగించి ఇచ్చారంటే నేనైతే మొదట బేస్‌నే అనుమానిస్తాను, ఎందుకంటే రింగులు పైకి కనిపిస్తాయి గనక అందరూ బిగిస్తారు, బేస్ స్క్రూలు స్కోప్ కింద దాక్కుని ఉంటాయి. కాగితం మీద రెండు చిన్న గుంపులు విడివిడిగా, వాటి మధ్య ఖాళీగా కనిపిస్తే ఎక్కడో ఏదో కదులుతోందని. తర్వాత ఒక డాలరు నోటు మడిచి బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చి వెనక్కి లాగండి. యాక్షన్ దాకా ఇబ్బంది లేకుండా వెళ్ళాలి. ప్లాస్టిక్ స్టాక్ అయితే రైఫిల్‌ని బైపాడ్ (రెండు కాళ్ళ స్టాండ్) మీద పెట్టి, మీరు కొట్టేటప్పుడు ఎంత బరువు వేస్తారో అంత వేసి ఇంకొకరిని నోటు లాగమనండి, ఊరికే చేత్తో పట్టుకున్నప్పుడు ఆడిన నోటు అప్పుడు ఇరుక్కుపోవడం మీరే చూస్తారు.

బెంచ్ మీద రైఫిల్ ఎలా కూర్చుంది అన్నది దాదాపు సగం కథ. ముందు ఇసుక సంచి స్టాక్ కింద ఉండాలి, బ్యారెల్ కింద ఎప్పుడూ ఉండకూడదు. స్లింగ్ తగిలించే చిన్న స్టడ్ ఉంటుంది చూడండి, అది సంచికి దగ్గరగా ఉంటే పేలినప్పుడు వెనక్కొచ్చి సంచిని గుద్దుతుంది, అప్పుడు షాట్లు ఊరికే పైకీ కిందికీ పోతాయి. రైఫిల్‌ని ఒక అంగుళం ముందుకి జరిపితే సరిపోతుంది. వెనక సంచి కూడా ఉండాలి, ఎడమ చేత్తో దాన్ని నెమ్మదిగా పిసుకుతూ క్రాస్‌హెయిర్‌ని గురి మీదికి తెచ్చుకోవాలి, భుజంతో నెట్టి సరిచేస్తే ఒక్కో షాట్‌కి ఒక్కో ఒత్తిడి పడుతుంది. ఇంకోటి ప్యారలాక్స్, అంటే కన్ను కదిలితే గురి జారినట్టు కనిపించడం. రైఫిల్ సంచుల మీద కదలకుండా ఉన్నప్పుడు ముట్టుకోకుండా తలని కొంచెం పైకీ కిందికీ ఆడించి చూడండి, క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద అటూ ఇటూ జారితే పక్కనున్న ఫోకస్ డయల్ తిప్పి ఆ జారడం ఆపాలి. డయల్ మీద 100 అని అచ్చేసి ఉన్నా నమ్మక్కర్లేదు, మీ కన్ను చెప్పిందే లెక్క. డయల్ లేని స్కోప్ అయితే చెంప ప్రతిసారీ స్టాక్ మీద ఒకే చోట ఆనించడం ఒక్కటే దారి.

తూటా సంగతికి వస్తే, మీరు ఏ తూటా కొట్టారో ప్రశ్నలో రాయలేదు, అసలు నేను మొదట అడగాల్సింది అదే. చవగ్గా వెయ్యి లెక్కన దొరికే ఎఫ్ఎంజే (బులెట్‌కి గట్టి లోహపు తొడుగు ఉన్న) తూటాలతో ఈ పరీక్ష చేస్తే తూటా బండారం తెలుస్తుంది గానీ రైఫిల్‌ది తెలియదు. పైగా అవి గట్టి నేలకి తగిలి ఎగిరిపోతాయి, పశువులున్న చోట అస్సలు వద్దు. వార్మింట్ బులెట్లు (పంటకీ మేతకీ చేటు చేసే చిన్న జంతువుల కోసం చేసేవి) పల్చటి తొడుగుతో చేస్తారు, తగలగానే ముక్కలైపోతాయి. 50, 55 గ్రెయిన్లలో (గ్రెయిన్ అంటే బులెట్ బరువు కొలత) రెండు మూడు కంపెనీలవి, హోర్నడీ వీ-మ్యాక్స్ లాంటివి, పెట్టె చొప్పున తెచ్చుకుని చూడండి. నా .22-250కి ఒక కంపెనీ 55 గ్రెయిన్ అసలు పడదు, అదే బరువులో ఇంకో కంపెనీది పెడితే గ్రూప్ ఇంచుమించు సగానికి వస్తుంది, కారణమేంటో నన్నడక్కండి, ప్రతి బ్యారెల్‌కీ ఒక ఇష్టం ఉంటుంది. బ్యారెల్ మీద ట్విస్ట్ (లోపలి గాడులు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో) ఎంతుందో కూడా చూసుకోండి. 12 అంగుళాలకి ఒక చుట్టు అని ఉంటే 55 దగ్గరే ఆగాలి, 9 లేదా 8 అయితే 69 దాకా హాయిగా వెళ్ళొచ్చు. మాతో వచ్చే ఒకతను 12 ట్విస్ట్‌లో 75 గ్రెయిన్ కొట్టాడు. కాగితం దగ్గరికెళ్ళి చూస్తే గుండ్రటి కన్నాలకి బదులు పక్కకి తిరిగిన బులెట్ ఆకారం, పొడుగ్గా, మొన ఎటుందో కూడా తెలిసేలా అచ్చు పడింది. రైఫిల్ బాగానే ఉంది, ఆ బరువుని నిలబెట్టేంత వేగంగా అది తిప్పలేదు, అంతే. తూటా మార్చినప్పుడల్లా మొదటి కొన్ని షాట్లు లెక్కలోకి తీసుకోకండి.

గాలి విషయం మీకు సౌత్ డకోటాలో బాగానే తెలిసొస్తుంది, మా అమరిల్లో వైపు కూడా అంతే. .223లో 55 గ్రెయిన్ బులెట్‌ని గంటకి 10 మైళ్ళ అడ్డగాలి 100 గజాల దగ్గర దాదాపు ఒక అంగుళం తోసేస్తుంది, 300 దగ్గర 9 అంగుళాల పైనే. అంటే ఒక షాట్‌కి గాలి ఉండి ఇంకో షాట్‌కి ఆగిపోతే 100 గజాల దగ్గరే మీ ఒక ఎంఓఏ మొత్తం గాలికే ఖర్చయిపోతుంది. పొద్దున్నే, ఎండెక్కకముందు కొట్టండి. సగం దూరంలో ఒక కర్రకి పల్చటి ప్లాస్టిక్ రిబ్బన్ కట్టి, అది ఒకేలా ఉన్నప్పుడే ట్రిగ్గర్ నొక్కండి. గ్రూప్ అడ్డంగా సాగితే గాలిని అనుమానించండి, తర్వాత మీ ట్రిగ్గర్ వేలిని.

ఇప్పటిదాకా చెప్పింది కాగితం గురించి. మీరు దేనికోసం కొన్నారు అన్నదాన్ని బట్టి పరీక్ష మారాలి, ఇది చాలామంది పట్టించుకోరు. కయోటీ (నక్క, తోడేలు లాంటి జంతువు) అయితే ఒక్క షాటే, అదీ చల్లటి బ్యారెల్‌తో. దానికి పది షాట్ల గ్రూప్ కంటే, రేంజ్‌కి వెళ్ళిన ప్రతిసారీ మొదటి షాట్‌ని ఒకే కాగితం మీద కొట్టి ఆ కాగితం జాగ్రత్తగా దాచడం మేలు, కొన్నాళ్ళకి చల్లటి షాట్ ఎక్కడ పడుతుందో ఆ కాగితమే చెప్తుంది. ప్రెయిరీ డాగ్స్ అలా కాదు, బొరియల ఊరు దగ్గర కూర్చుంటే గంటలకొద్దీ కొడుతూనే ఉంటాం, బ్యారెల్ వేడెక్కుతుంది, స్కోప్‌లో టార్గెట్ ఈదుతున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి చల్లగా ఒక గ్రూప్, ఆపకుండా కొన్ని కొట్టి బ్యారెల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఇంకో గ్రూప్ కొట్టి రెండిటి మధ్యా ఎంత జరిగిందో చూసుకోండి. హెవీ బ్యారెల్‌కి డబ్బు పెట్టింది అందుకే కదా. చెయ్యి పెట్టి పట్టుకోలేనంత వేడెక్కితే మాత్రం ఆపేయండి, బోల్ట్ తెరిచి పక్కన పెట్టి మంచినీళ్ళు తాగండి.

ఎంత గ్రూప్ చాలు అంటారా? నిలబడ్డ ప్రెయిరీ డాగ్ అడ్డంగా మహా అయితే మూడు నాలుగు అంగుళాలు. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళం, 300 దగ్గర 3.14. పది షాట్లు ఒక ఎంఓఏకి కాస్త అటూ ఇటూగా పెట్టే రైఫిల్‌తో 250 గజాల దాకా దిగుల్లేకుండా కొట్టొచ్చు, అంతకు మించితే రైఫిల్ కన్నా గాలి అంచనాయే మిమ్మల్ని ఆపుతుంది. 200 దగ్గర జీరో చేసుకుంటే (గురి పెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సరిచేసుకుంటే) 300 దగ్గర 6 అంగుళాల దాకా దిగుతుంది, పెట్టె మీద అచ్చేసిన పట్టికని నమ్మకుండా 200, 300 దగ్గర స్వయంగా కొట్టి చూసుకోండి.

సౌత్ డకోటా వెళ్తే బయటి రాష్ట్రం వాళ్ళకి లైసెన్స్ కావాలి, బఫెలో గ్యాప్ గడ్డి భూముల్లో కొనాటా బేసిన్ వైపు కాల్చకూడదు, అంతరించిపోతున్న బ్లాక్-ఫుటెడ్ ఫెరెట్లని అక్కడ వదిలారు, వాటి తిండి ఈ ప్రెయిరీ డాగ్సే. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, వలసేతర వీసా వాళ్ళు తుపాకీ ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం, చెల్లే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులున్నాయి, ముందు లాయర్‌ని అడిగి తర్వాత షాపుకి వెళ్ళండి. ఇండియాలో ఉన్నవాళ్ళు వేరుశనగ చేలో అడవిపందుల కోసం ఇదంతా ప్రయత్నించకండి, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

స్క్రూలన్నీ చూసి, రెండు మూడు రకాల మంచి తూటాలు వాడి, నమ్మకమైన ఇంకో స్కోప్ పెట్టి, మీకంటే బాగా కొట్టే ఒకరి చేత కూడా కొట్టించి, అప్పటికీ మూడు షాట్లు రెండు అంగుళాల చుట్టూనే తిరుగుతుంటే కంపెనీకి ఫోన్ చేయండి, గ్యారంటీ ఉందిగా. కాగితాల మీద తేదీ, తూటా పేరు, బరువు రాసి ఉంచండి, వాళ్ళు మొదట అడిగేవి అవే.