పాట మధ్యలో ప్రోగ్రామ్ మూసుకుపోతుంటే

చి. బుజ్జికి,

సీతమ్మధార నుంచి పెదనాన్న ఆశీస్సులు.

నాయనమ్మ పాటల క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించావని, తీరా వాటిని ఎంపీ3గా మారుస్తుంటే సాఫ్ట్‌వేర్ మధ్యలో మూసుకుపోతోందని మీ నాన్న చెప్పాడు. దాన్ని తీసేసి మళ్ళీ వేసినా అంతేనట. ఇంకో సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం ప్రస్తుతానికి ఆపమ్మా. తప్పు ఫైల్‌లో ఉందా, ప్రోగ్రామ్‌లో ఉందా, మెషీన్‌లో ఉందా అన్నది ముందు తేలాలి. అది తేలకుండా ఎన్ని మార్చినా టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

అన్నిటికంటే ముందు నీ దగ్గరున్న వేవ్ ఫైళ్ళన్నీ, అంటే క్యాసెట్ల నుంచి ఎక్కించిన అసలు రికార్డింగులన్నీ, వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని తీసి బీరువాలో పెట్టు. ఆ టేపులు ఇంకోసారి సరిగ్గా తిరుగుతాయన్న నమ్మకం నాకు లేదు. ప్రయోగాలన్నీ కాపీల మీదే చెయ్యి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే మాత్రం, ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసినదానిలో 4 జీబీ ఉన్న ఫైల్ పట్టదని గుర్తుంచుకో.

ఇప్పుడు అసలు పని. ఆగిపోయిన ఫైల్ ఒక్కదాన్నే తీసుకుని మళ్ళీ మార్చు. ఎన్నో నిమిషం దగ్గర ఆగిందో కాగితం మీద రాసుకో. అదే ఫైల్‌ని ఇంకోసారి, ఆ తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మరోసారి మార్చి చూడు. ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంటే తప్పు ఆ ఫైల్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ ఆగుతుంటే, వేరే ఫైళ్ళకీ అలాగే జరుగుతుంటే, అనుమానం మెషీన్ మీదకి పోవాలి. ఏ ఫైల్ ఇచ్చినా మొదలెట్టగానే మూసుకుపోతుంటే ప్రోగ్రామ్‌నో దాని సెట్టింగులనో చూడాలి. ఈ మూడింటికీ మందులు వేరువేరు. చాలామంది ఇక్కడ ఓపిక పట్టరు, అందుకే రోజుల తరబడి తిప్పలు పడతారు.

ఫైల్ మీద అనుమానం వస్తే వీఎల్‌సీ ప్లేయర్‌లో పెట్టి, ఆగిన చోటు దాటేదాకా విను. రికార్డు చేస్తుండగా కరెంటు పోయిన ఫైల్ ఏదైనా ఉందా, గుర్తు చేసుకో. వేవ్ ఫైల్ మొదట్లోనే తన పొడవెంతో రాసి ఉంటుంది. రికార్డింగ్ సరిగ్గా ముగియకపోతే ఆ లెక్క తప్పు పడుతుంది. ఫైల్ సైజు వందల ఎంబీలు ఉన్నా ప్రోగ్రామ్‌కి అది ఖాళీగానో చెడిపోయినట్టో కనిపిస్తుంది. అంతమాత్రాన పాట పోయినట్టు కాదు, డిలీట్ చెయ్యకు! ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో ఫైల్ మెనూలో ఇంపోర్ట్‌కి వెళ్ళి రా డేటా (Raw Data) అన్నది ఎంచుకో. సైన్డ్ 16 బిట్, స్టీరియో, 44,100 హెర్ట్జ్ అని ఇవ్వు, అంటే నువ్వు రికార్డు చేసిన సెట్టింగులే. మొదట చిన్న టప్‌మన్న చప్పుడు వస్తుంది, తర్వాత మా అమ్మ గొంతు వస్తుంది. ఆ చప్పుడు కత్తిరించి కొత్త వేవ్‌గా సేవ్ చేసుకో.

డిస్క్‌లో ఖాళీ కూడా చూడు. సీడీ నాణ్యతలో స్టీరియో వేవ్ నిమిషానికి దాదాపు 10 ఎంబీ. కానీ ఆడాసిటీ మామూలుగా లోపల 32 బిట్‌లో పనిచేస్తుంది కాబట్టి దానికి నిమిషానికి 21 ఎంబీ దాకా కావాలి. గంట క్యాసెట్ అంటే ఒకటింపావు జీబీ. మార్చిన ఫైల్ డి డ్రైవ్‌లోకి పోతున్నా, చాలా ప్రోగ్రాములు తాత్కాలిక ఫైళ్ళని సి డ్రైవ్‌లోనే రాస్తాయి. సి నిండిపోయి ఉంటే అక్కడే చిక్కు.

ఫైళ్ళ పేర్లు తెలుగులో పెట్టావని విన్నాను. బాగుంది గానీ కొన్ని పాత ప్రోగ్రాములు ఆ అక్షరాలకు తడబడతాయి. ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే ఫైల్ దారి (పాత్) 260 అక్షరాలు దాటి విండోస్‌లో ఇబ్బంది రావచ్చు. మార్చేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి పేర్లు, నంబర్లు పెట్టు. ఏ నంబరు దంపుళ్ళ పాటో, ఏది గొబ్బి పాటో, ఏది లాలిపాటో, వెనక కోరస్ ఎవరో ఒక నోట్‌బుక్‌లో రాయి. ఈ పని కంప్యూటర్ చేసిపెట్టదు, మీ పెద్దమ్మను కూర్చోబెట్టి అడుగు.

ఇక మెషీన్ సంగతి. ప్రోగ్రామ్ కాకుండా కంప్యూటరే టక్కున ఆరిపోతోందా? ఫైళ్ళు మార్చేటప్పుడు ప్రాసెసర్ అదేపనిగా కష్టపడుతుంది, వేడెక్కుతుంది. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటే కంప్యూటర్ తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది. పైగా మీ ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి అంత దగ్గర. ఆ ఉప్పు గాలికి లోపలి కాంటాక్టులు తుప్పు పడతాయి. ర్యామ్, అంటే కంప్యూటర్ తాత్కాలిక మెమరీ, దాని కాంటాక్టులు పాడైతే ఇలాగే ఎక్కడపడితే అక్కడ ఆగుతుంది. స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి నడిపించు. తప్పు చూపిస్తే ద్వారకానగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళు, నువ్వే విప్పకు. అప్పటిదాకా కిటికీ పక్కనుంచి జరుపు, ఫైళ్ళు ఒక్కొక్కటిగానే మార్చు.

ఇంకొకటి. విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్‌లో, ప్రోగ్రామ్ మూసుకుపోయిన సమయానికి ఎర్ర గుర్తుతో 1000 అనే నంబరు ఉన్న లైన్ కోసం చూడు. అందులో ఫాల్టింగ్ మాడ్యూల్ పేరు, అంటే ఏ భాగం దగ్గర తప్పు జరిగిందో, ఉంటుంది. ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. యాంటీవైరస్ ఆపేసి చూడమని ఎవరైనా అంటే వినకు.

అన్నీ మారాక కూడా వేవ్‌లు చెరిపెయ్యొద్దు. చోటు చాలకపోతే ఫ్లాక్ అనే ఫార్మాట్‌లోకి మార్చుకో. సైజు దాదాపు సగానికి తగ్గుతుంది, శబ్దంలో ఒక్క ముక్కా పోదు. ఎంపీ3 ఫోన్లలో పంచుకోడానికే. ప్రతి పాటా చివరిదాకా విన్నాకే మీ అత్తలకు పంపు.

ఆదివారం సాయంత్రం ఇంట్లో ఉంటాను, ఫోన్ చెయ్యి. కరెంటు పోయినప్పటి ఫైల్ దొరికితే మాత్రం ఆదివారం దాకా ఆగకు, వెంటనే చెప్పు.

మీ పెదనాన్న