టాస్క్‌ఫోర్సుకు డబ్బు ఎక్కడిది?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉంటాడు. అక్కడి పోలీసుల్లో ఒకరిని డ్రగ్స్ టాస్క్‌ఫోర్సులో, అంటే పలు పోలీసు విభాగాల ఉమ్మడి బృందంలో చేర్పిస్తే ఫెడరల్ ప్రభుత్వం డబ్బిస్తుందట. తీసుకోవాలా వద్దా అని ఊరి కౌన్సిల్లో పెద్ద చర్చ నడుస్తోందట. వచ్చే డబ్బు తీసుకోవడానికి అంత ఆలోచన ఎందుకు? మన బెంగళూరులో కూడా ఇలాంటి ఏర్పాటు ఉందా?
– పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: ఆలోచించాల్సిందేనండీ, ఆ డబ్బు ఊరికే రాదు. అక్కడ ఇది మూడు నాలుగు దారుల్లో వస్తుంది. ఒకటి బర్న్ గ్రాంటు. 1988 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఒక సాక్షి ఇంటికి కాపలాగా కారులో కూర్చున్న 22 ఏళ్ల పోలీసు ఎడ్వర్డ్ బర్న్‌ను డ్రగ్స్ ముఠా వాళ్లు కాల్చి చంపారు, ఆ గ్రాంటుకు ఆయన పేరే పెట్టారు. జనాభానీ హింసాత్మక నేరాల సంఖ్యనీ చూసి వాటాలు కడతారు, మామూలుగా అందులో 60 శాతం రాష్ట్రానికి, 40 శాతం నేరుగా స్థానిక ప్రభుత్వాలకు వెళుతుంది. రెండోది, డ్రగ్స్ రవాణా ఎక్కువగా ఉన్న ప్రాంతాలని గుర్తించి వాటికి ఇచ్చే నిధి. 1990లో మొదట ఎంపికచేసిన ఐదు ప్రాంతాల్లో మీ అబ్బాయి ఉండే రాష్ట్రంలోని హ్యూస్టన్ కూడా ఉంది. మూడోది, స్థానిక పోలీసును ఫెడరల్ డ్రగ్స్ సంస్థ డీఈఏ బృందంలో కూర్చోబెట్టడం. అప్పుడు జీతం ఊరే ఇస్తుంది, ఓవర్‌టైమ్ మాత్రం ఢిల్లీ లాంటి వాషింగ్టన్ భరిస్తుంది. అంటే ఊరికి ఉన్న పది పన్నెండు మంది పోలీసుల్లో ఒకరు తగ్గుతారు. రాత్రి దొంగతనం జరిగిందని ఫోన్ చేస్తే వచ్చే మనిషి ఒకరు తక్కువన్నమాట. కౌన్సిల్లో మొదటి లెక్క అదే.

రెండో లెక్క దానికన్నా ముఖ్యం. టాస్క్‌ఫోర్సు పట్టుకున్న డబ్బు, కార్లు, ఇళ్లు జప్తు అయితే, అందులో 80 శాతం దాకా స్థానిక పోలీసు శాఖకే తిరిగి వచ్చే పద్ధతి అక్కడ 1984 చట్టం నుంచీ ఉంది. ఇక గ్రాంటు తీసుకున్నవాళ్లు పైకి పంపే రిపోర్టులో చాలాకాలం ముందుండేది ఎంతమందిని అరెస్టు చేశారు, ఎంత సరుకు పట్టుకున్నారు అన్నదే. ఏది లెక్కపెడితే అదే పెరుగుతుంది కదా! ట్యూలియా అనే ఊరి గురించి మీ అబ్బాయిని అడగండి, టెక్సాస్‌లో చాలామందికి తెలుసు. ఐదు వేల జనాభా ఉన్న ఆ ఊళ్ళో 1999 జులైలో ఒక్క రోజులో 46 మందిని నిందితులుగా చూపించారు, ఎక్కువమంది నల్లజాతివాళ్లు. సాక్ష్యం ఏమిటంటే మారువేషంలో తిరిగిన ఒకే ఒక్క అధికారి మాట. రికార్డింగులు లేవు, అరెస్టుల్లో డ్రగ్స్ దొరకలేదు. అతణ్ణి పెట్టుకున్న ప్రాంతీయ టాస్క్‌ఫోర్సు నడిచింది ఈ బర్న్ గ్రాంటుతోనే. కొందరికి దశాబ్దాల శిక్షలు పడ్డాయి. 2003లో గవర్నర్ 35 మందికి క్షమాభిక్ష ఇచ్చాడు, తర్వాత ఆ అధికారి అబద్ధపు సాక్ష్యం చెప్పాడని కోర్టులో తేలింది. జైల్లో గడిచిపోయిన ఏళ్లు మాత్రం ఎవరు తిరిగిస్తారు?

టాస్క్‌ఫోర్సు వద్దని నేను అనడం లేదు. మన సంగతే చూడండి, ఆంధ్రా ఒడిశా సరిహద్దు ఏజెన్సీలో కోసిన గంజాయి రైళ్లలో, బస్సుల్లో బెంగళూరు చేరుతుంది. ఇక్కడి ఒక స్టేషన్ ఎస్సై ఒక్కడే దాని వెనక ఎంతదూరమని వెళ్తాడు? కాబట్టి కలిసి పనిచేయాల్సిందే. పోలీసులు రాష్ట్రాల చేతిలో ఉంటారు, కేంద్రానికి 1986లో పెట్టిన నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో ఉంది, రాష్ట్రాల మాదకద్రవ్యాల విభాగాలు బలపడటానికి పరికరాల కోసం కేంద్రం సాయం ఇచ్చే పథకం కూడా ఉంది. బెంగళూరులో ఈ పని నగర పోలీసుల సెంట్రల్ క్రైమ్ బ్రాంచి (సీసీబీ) నార్కోటిక్స్ విభాగమూ, సైబర్, ఆర్థిక నేరాలతో కలిపి డ్రగ్స్ కేసులు చూసే సెన్ స్టేషన్లూ చేస్తాయి. మన చట్టంలో ఒక మంచి మాట ఉంది: మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద జప్తు చేసిన ఆస్తులు అమ్మితే వచ్చే డబ్బు 7ఎ సెక్షన్ ప్రకారం ఒక జాతీయ నిధికి వెళ్లాలి, పట్టుకున్న స్టేషన్‌కు కాదు. ఆ నిధిని చికిత్సకూ, అవగాహనకూ కూడా వాడొచ్చు. ఇది నాకు చాలా నచ్చుతుంది.

కానీ కేసుల సంఖ్య మోజు మనకూ ఉంది. పీజీల్లో చిన్న పొట్లాంతో దొరికిన కుర్రాళ్లతో సంఖ్య తేలిగ్గా పెరుగుతుంది, సరుకు పంపినవాడు ఎక్కడో హాయిగా ఉంటాడు. గంజాయి కేజీ వరకూ చట్టం దృష్టిలో చిన్న పరిమాణం, 20 కేజీలు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష కనీసం పదేళ్లు. మీ ఏరియా పోలీసులు అపార్ట్‌మెంట్ మీటింగుకు వస్తే మొత్తం కేసులెన్ని అని కాకుండా, వాణిజ్య పరిమాణం కేసులెన్ని, కోర్టులో ఎన్ని నిలబడ్డాయి అని అడగండి. మీ అబ్బాయిని కూడా కౌన్సిల్లో ఇదే అడగమనండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ చదివే మా బాబు గంజాయి తాగుతున్నాడని మొన్ననే తెలిసింది. పోలీసులకు చెబితే కేసు పెట్టి జీవితం పాడుచేస్తారేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, మారతహళ్ళి

జవాబు: అమ్మా, ముందు స్టేషన్‌కు కాదు, డాక్టర్ దగ్గరకు వెళ్లండి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. అంతవరకూ ఎవరితో అయినా మాట్లాడాలనిపిస్తే 14446కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్. ఒకవేళ కేసు దాకా వెళ్లినా, వాడకం కేసుల్లోనూ చిన్న పరిమాణం కేసుల్లోనూ అలవాటుపడిన మనిషి తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో చికిత్సకు వెళితే విచారణ నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు, అది బాబుకు స్పష్టంగా చెప్పండి. లాయర్‌తో ఒకసారి మాట్లాడుకోండి. వాడికి అమ్ముతున్నది ఎవరో మీకు తెలిస్తే డ్రగ్స్ సమాచారం ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1933కి చెప్పొచ్చు, మీ పేరు బయటపెట్టరు. అది తర్వాత. ఈ వారంలో బాబును వెంటబెట్టుకుని నిమ్హాన్స్‌కు వెళ్లండి, తిట్టకుండా తీసుకెళ్లండి.