పస్కా మిఠాయి గురించి రాసేటప్పుడు

అమ్మాయీ,

తూర్పు యూరప్ యూదుల ఇళ్లలో పస్కా పండక్కి చేసే శొంఠి మిఠాయి, క్యారెట్ ఇంగ్‌బెర్లాఖ్ మీద నువ్వు రాసింది చదివాను. పండుగ సంగతులు బాగున్నాయి. వంట దగ్గరికొచ్చేసరికి మాత్రం 'తగినంత', 'కాసేపు' అని దాటేశావు. ఈ మిఠాయి చెడేది సరిగ్గా అక్కడే.

కొలతలు ఇలా ఇవ్వు: సన్నగా తురిమిన క్యారెట్ అరకిలో, పంచదార 400 గ్రాములు, ఒక నిమ్మకాయ రసం, శొంఠి పొడి రెండు టీస్పూన్లు, బాదం లేదా అక్రోట్ పలుకులు 100 గ్రాములు. ప్రతి కొలత పక్కనా కారణం కూడా రాయి. మామూలు పంచదారే ఎందుకంటే, అంగట్లో దొరికే పొడి పంచదారలో చాలాసార్లు మొక్కజొన్న పిండి కలుపుతారు. గోధుమ లాంటి ధాన్యాలతో పులిసినవే కాదు, మొక్కజొన్న, బియ్యం, పప్పులు కూడా ఆ ఇళ్లలో సంప్రదాయంగా పండుగ రోజుల్లో తినరు. పాలు, నెయ్యి వేయకపోవడానికీ కారణముంది. మాంసంతో చేసిన భోజనం తర్వాత కూడా ఈ మిఠాయి తినాలి. మాంసం, పాలు కలవకూడదన్నది వాళ్ల నియమం. అందుకే 'మన క్యారెట్ హల్వా లాంటిదే' అన్న నీ వాక్యం కొట్టేయి. అది చదివినవాళ్లు నేతి గిన్నె అందుకుంటారు.

తురుములో పంచదార కలిపి అరగంట ఉంచితే నీరు ఊరుతుంది, వేరే నీళ్లు అక్కర్లేదు. నిమ్మరసం పోసి, అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో సన్నని సెగ మీద ఉడికించాలి. ముప్పావుగంట పట్టవచ్చు, గంటా పట్టవచ్చు. కాబట్టి నిమిషాలను నమ్ముకోకుండా గుర్తు చెప్పు: గరిటెతో అడుగున గీత గీస్తే అది వెంటనే పూడుకుపోకూడదు, ముద్ద అంచులు వదిలి గరిటెతో పాటే తిరగాలి. చల్లటి పళ్లెంలో కొంచెం వేసి, ఆరాక నొక్కితే వేలికి అంటకూడదు. చివరి పదినిమిషాలు చెయ్యి ఆపకుండా కలపాలి. అడుగంటితే గీకకుండా పైది వేరే గిన్నెలోకి తీసేయాలి. శొంఠి, పలుకులు దించే ముందు వేయాలి; మొదట్లోనే వేస్తే శొంఠి ఘాటు తగ్గిపోతుంది.

తడిపిన చెక్క పలక మీద సెంటీమీటరు మందాన పరిచి, గోరువెచ్చగా ఉన్నప్పుడే వేడినీళ్లలో ముంచిన కత్తితో డైమండు ముక్కలు కోయాలి. పూర్తిగా చల్లారితే అంచులు విరుగుతాయి. ఆ పలక కూడా పండుగకు విడిగా దాచిన సామానులోదే అయి ఉంటుంది, ఆ మాట వదిలేయకు. రాత్రంతా ఆరనిచ్చి, తిరగేసి మరో పూట ఉంచాలి. జిగురుగానే ఉంటే నీరు ఇంకలేదన్నమాట, మళ్లీ పొయ్యెక్కించవచ్చు. రాయిలా బిగిస్తే రెండు చెంచాల నారింజ రసం చల్లి, సన్నని సెగ మీద మెత్తబరచవచ్చు. మన కోస్తా ఉక్కలో చేసి చూసేవాళ్లకు, పైన పంచదార అద్దినా చెమ్మ పడుతుందనీ, మూత బిగించిన డబ్బాలో వరసల మధ్య కాగితం వేయాలనీ చెప్పు.

తేనె, మాట్జా (పులియని పలచటి రొట్టె) ముక్కలతో చేసే రకాన్ని ఇందులో కలపొద్దు. దాని పాకం తీరు వేరు, దానికి మరో వ్యాసం కావాలి. ఇది సరిచేసి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో.